మొదటి నెలల హార్మోన్ రిపోర్ట్ ఎలా చదవాలి

"అక్కా, ఈస్ట్రడయాల్ 68 వచ్చింది. తక్కువా?" హార్మోన్ చికిత్స కొత్తగా మొదలుపెట్టిన ట్రాన్స్ వాళ్ళ నుంచి ఇలాంటి మెసేజ్ నాకు తరచూ వస్తుంటుంది. ఈస్ట్రడయాల్ అంటే ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్లలో ముఖ్యమైనది. కింద రిపోర్ట్ ఫొటో ఉంటుంది, అదీ అంకె ఒక్కటే కనపడేలా కత్తిరించింది. నేను తిరిగి అడిగేవి ఎప్పుడూ ఆ మూడే. 68 ఏ యూనిట్‌లో? మందు మాత్రా, ప్యాచా, జెల్లా, ఇంజెక్షనా? చివరి డోసు తీసుకున్న ఎంతసేపటికి రక్తం ఇచ్చావు? ఈ మూడూ తెలియకుండా 68 గురించి ఎవరేం చెప్పినా అది ఊహే.

నేను ల్యాబ్‌లో పనిచేస్తాను. రక్తం తీస్తాను, మెషీన్ మీద పెడతాను, రిపోర్ట్ ప్రింట్ చేస్తాను. ట్రాన్స్ మహిళని కూడా, అంటే అదే కుర్చీలో చెయ్యి చాపి కూర్చునేదాన్ని. డోసు ఎంత వేసుకోవాలో ఇక్కడ చెప్పను. అది మీ ఒళ్ళు, పాత జబ్బులు, మిగతా మందులు అన్నీ తెలిసిన డాక్టర్ చెప్పాల్సింది. చేతికొచ్చిన కాగితాన్ని చదవడం మాత్రం ఎవరైనా నేర్చుకోవచ్చు, పెద్ద చదువేం అక్కర్లేదు.

ముందు యూనిట్

ఈస్ట్రడయాల్‌ని కొన్ని ల్యాబులు మిల్లీలీటరుకు ఇన్ని పికోగ్రాములు అని ఇస్తాయి, కొన్ని లీటరుకు ఇన్ని పికోమోల్స్ అని ఇస్తాయి. పికోగ్రాముల అంకెను 3.67తో గుణిస్తే పికోమోల్స్ వస్తాయి. 100 పికోగ్రాములంటే సుమారు 367 పికోమోల్స్. ఇప్పుడు ఆ 68 చూడండి. పికోగ్రాముల్లో అయితే మందు పనిచేయడం మొదలైందని అర్థం, డోసు ఇంకా పెరగాల్సి ఉండొచ్చు. పికోమోల్స్‌లో అయితే అది 18, 19 పికోగ్రాములే. మందేమీ తీసుకోని మగవాళ్ళ రక్తంలో కూడా అంత ఉంటుంది.

పురుష హార్మోన్ టెస్టోస్టిరాన్‌కి ఇంకో గొడవ, దానికి మూడు యూనిట్లు వాడుకలో ఉన్నాయి. డెసిలీటరుకు 50 నానోగ్రాములన్నా, మిల్లీలీటరుకు 0.5 నానోగ్రామన్నా, లీటరుకు 1.7 నానోమోల్స్ అన్నా ఒకటే. డెసిలీటరు లెక్కని సుమారు 29తో భాగిస్తే నానోమోల్స్ వస్తాయి. ఒక ల్యాబ్‌లో 45, ఇంకో ల్యాబ్‌లో 0.6 వచ్చిందని "ఒక్కసారిగా పడిపోయింది" అని సంబరపడినవాళ్ళని చూశాను. 0.6 అంటే 60. పడలేదు, కాస్త పెరిగింది.

పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. అంత తక్కువ పదార్థాన్ని రక్తంలో కొలవడం ఒకప్పుడు అసాధ్యం. రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ కలిసి 1950లలో రేడియోఇమ్యునోఅస్సే అనే పద్ధతి కనిపెట్టాకే దారి దొరికింది. దానికి 1977లో యాలోకి నోబెల్ వచ్చింది. బెర్సన్ అప్పటికే పోయారు. అంత సూక్ష్మమైన కొలత కాబట్టి ఈసారి 112, వచ్చేసారి 104 వస్తే దాన్ని తగ్గుదలగా లెక్కపెట్టకండి. అదే శాంపిల్‌ని రెండుసార్లు పెట్టినా ఆ మాత్రం తేడా వస్తుంది.

ఏ గంటకు రక్తం ఇచ్చారు

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ల్యాబ్‌లో ఎవరూ అడగనిది కూడా ఇదే. మా ఫారంలో పేరుంటుంది, వయసుంటుంది, పరగడుపునా కాదా అని ఉంటుంది. చివరి డోసు ఎప్పుడు అన్న గడి మాత్రం ఉండదు.

ఇంజెక్షన్‌తో మొదలుపెడతాను, నేను వాడేది అదే కాబట్టి. నూనెలో కలిపిన ఈస్ట్రడయాల్ వేలరేట్ వేసుకున్నాక రక్తంలో స్థాయి సాధారణంగా రెండో రోజు ప్రాంతంలో బాగా పైకి వెళ్తుంది, తర్వాత మెల్లగా దిగుతుంది. సిపియోనేట్ రకం ఇంకాస్త ఆలస్యంగా, నాలుగో రోజు దగ్గర పైకి వెళ్తుంది. నా రిపోర్టుల్లోనే ఒకే డోసు మీద మూడో రోజు తీసినది 310, తర్వాతి సూదికి ముందు తీసినది 120. రెండూ నిజమే, రెండూ నావే. మూడో రోజు కాగితం ఒక్కటే చూసిన డాక్టర్ డోసు తగ్గిస్తారు, ఏడో రోజుది ఒక్కటే చూసినవాళ్ళు బాగుందంటారు. అందుకే కొందరు డాక్టర్లు తర్వాతి సూది వేసుకునే రోజు, వేసుకోకముందు రక్తం ఇమ్మంటారు. కొందరు రెండు సూదుల మధ్య సరిగ్గా సగంలో ఇమ్మంటారు. రెంటిలో ఏదైనా ఫర్వాలేదు. ఒకసారి అలా, ఒకసారి ఇలా ఇస్తేనే ఆ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి పోల్చడానికి పనికిరావు.

మింగే మాత్ర అంత ఎగుడుదిగుడుగా ఉండదు. మింగిన కొన్ని గంటలకు పైకి వెళ్ళి మెల్లగా తగ్గుతుంది. దాని సంగతి వేరు. పేగుల నుంచి ముందు కాలేయంలోకి వెళ్తుంది కాబట్టి చాలా భాగం ఈస్ట్రోన్ అనే బలహీనమైన ఈస్ట్రోజెన్‌గా మారిపోతుంది. మామూలు పరీక్షలో అది కనపడదు. ఈస్ట్రోన్ కూడా చేయించమంటారా అని కొందరు అడుగుతారు. మొదటి నెలల్లో దానివల్ల తెలిసేదేమీ లేదని నా అభిప్రాయం, మార్గదర్శకాల్లో కూడా దాన్ని అడగరు.

అదే మాత్రని నాలుక కింద పెట్టుకుని కరిగించుకునేవాళ్ళకి మాత్రం గంట తేడా కూడా పెద్ద తేడానే. గంటలోపే స్థాయి ఒక్కసారిగా లేస్తుంది, అంతే వేగంగా దిగుతుంది. పొద్దున మాత్ర పెట్టుకుని నేరుగా ల్యాబ్‌కి వస్తే కళ్ళు తిరిగే అంకె వస్తుంది. సాయంత్రం అదే మనిషికి అందులో చిన్న వాటా కూడా మిగలదు. ఈ పద్ధతిలో ఉన్నవాళ్ళు డోసు వేసుకోకముందు రక్తం ఇవ్వాలా, తర్వాత ఇన్ని గంటలకు ఇవ్వాలా అని డాక్టర్‌ని ముందే అడిగి, ప్రతిసారీ దానికే కట్టుబడాలి.

ప్యాచ్ అన్నిటిలోకీ నిలకడైనది. వారానికి రెండుసార్లు మార్చే రకమైతే, మార్చిన మర్నాడు ఇస్తే సరిపోతుంది. అది చెమటకు సగం ఊడి ఉంటే మాత్రం ఆ సంగతి రాసి పెట్టుకోండి.

జెల్ వాడేవాళ్ళకి ఒక గట్టి హెచ్చరిక. రక్తం తీసే చేతికి జెల్ రాయకండి. మోచేతి మడతలో చర్మం మీద మిగిలిన జెల్ సూదితోపాటు శాంపిల్‌లోకి వస్తే ఒంట్లో లేని హార్మోన్ కాగితం మీద కనిపిస్తుంది. ఈస్ట్రడయాల్ జెల్‌కీ ఇది వర్తిస్తుంది, టెస్టోస్టిరాన్ జెల్‌కీ వర్తిస్తుంది. ఇంకో చేతికో, తొడకో రాసుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని రండి. పక్కన పడుకునేవాళ్ళకీ పిల్లలకీ కూడా జెల్ అంటుకోకుండా చూసుకోవాలి, ఎటూ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా.

పక్కన పడే హై, లో గుర్తులు

రిపోర్ట్‌లో అంకె పక్కన ఎర్రగా ఒక గుర్తు, దాని పక్కన మామూలు పరిధి ఉంటాయి. ఆ పరిధిని ఎంచేది మనిషి కాదు. రిజిస్ట్రేషన్‌లో మగ అని ఉంటే మగవాళ్ళ పరిధి, ఆడ అని ఉంటే ఆడవాళ్ళ పరిధి కంప్యూటరే అచ్చు వేస్తుంది. రికార్డులో ఇంకా మగ అనే ఉన్న ట్రాన్స్ మహిళకి టెస్టోస్టిరాన్ 30 వస్తే ఎర్రగా "లో" పడుతుంది. చికిత్స మొదలుపెట్టిందే అందుకు. రికార్డులో ఆడ అని ఉన్న ట్రాన్స్ పురుషుడికి 520 వస్తే "హై" అని పడడమే కాదు, కొన్నిచోట్ల ఫోన్ చేసి భయపెడతారు కూడా. ఆ గుర్తుని పట్టించుకోకండి, దాని కింది అంకె చూడండి.

హార్మోన్ల దగ్గర ఇది సులువే. హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష) దగ్గర కాస్త ఆలోచించాలి, ఎందుకంటే వాటికీ ఆడ మగ పరిధులు వేరు, అవి కూడా హార్మోన్లతో మారుతాయి. ఈస్ట్రోజెన్ మీదికి వెళ్ళి టెస్టోస్టిరాన్ తగ్గినవాళ్ళకి హిమోగ్లోబిన్ కొన్ని నెలల్లో కొంచెం దిగుతుంది. మగ పరిధితో చూస్తే రక్తహీనత అనిపిస్తుంది, ఆడ పరిధితో చూస్తే మామూలుగా ఉంటుంది. టెస్టోస్టిరాన్ తీసుకునేవాళ్ళకి దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. డాక్టర్‌కి రెండు పరిధులూ చూపించండి. మా ల్యాబ్‌లో అడిగితే రెండోది కూడా ప్రింట్ చేసి ఇస్తాం, చాలాచోట్ల ఇవ్వగలరు.

ఎంత ఉండాలి

ప్రపంచంలో ఎక్కువమంది డాక్టర్లు చూసేవి రెండు. హార్మోన్ డాక్టర్ల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు ఒకటి, ట్రాన్స్ ఆరోగ్యం మీద పనిచేసే డబ్ల్యూపాత్ అనే సంస్థ 2022లో తెచ్చిన ఎనిమిదో సంచిక ప్రమాణాలు ఇంకొకటి. ఎండోక్రైన్ సొసైటీ ట్రాన్స్ మహిళలకి ఈస్ట్రడయాల్ 100 నుంచి 200 పికోగ్రాముల మధ్య, టెస్టోస్టిరాన్ డెసిలీటరుకు 50 నానోగ్రాముల లోపు ఉండాలంటుంది. మొదటి ఏడాది మూడు నెలలకోసారి పరీక్ష, తర్వాత ఏడాదికి ఒకటి రెండు సార్లు.

ఇది గమ్యం. మొదటి పరీక్షలోనే అక్కడ ఉండాలన్న రూలు లేదు. చాలామంది డాక్టర్లు తక్కువ డోసుతో మొదలుపెట్టి పెంచుకుంటూ వెళ్తారు. మూడో నెలలో ఈస్ట్రడయాల్ 70, టెస్టోస్టిరాన్ 140 వస్తే అది ఫెయిల్ కాదు. మందు మొదలుపెట్టకముందు టెస్టోస్టిరాన్ ఎంత ఉందో చూడండి. 560 నుంచి 140కి వచ్చారంటే మూడొంతులకు పైగా దారి నడిచేశారు. అందుకే మొదలుపెట్టకముందు చేయించిన రిపోర్ట్‌ని పారేయకండి. అది తీయకుండానే మందు మొదలుపెట్టాలని తొందరపడేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే, ఆ కాగితాన్ని మళ్ళీ సంపాదించలేరు. మొదలుపెట్టకముందు టెస్టోస్టిరాన్ పరీక్షకి పొద్దున్నే, పరగడుపున రండి. అది పొద్దున ఎక్కువగా, సాయంత్రం తక్కువగా ఉంటుంది. ముందు ముందు పిల్లలు కావాలనుకునే ఆలోచన ఏమాత్రం ఉన్నా, వీర్యమో అండాలో దాచుకునే మాట కూడా అప్పుడే డాక్టర్‌తో మాట్లాడాలి.

నెలసరి వచ్చే స్త్రీలలో ఈస్ట్రడయాల్ ఒక చోట నిలవదన్నది కూడా గుర్తుంచుకుంటే టెన్షన్ తగ్గుతుంది. నెలసరి రోజుల్లో 50 లోపు ఉండేది అండం విడుదలకు ముందు 200 దాటి ఇంకా పైకి వెళ్తుంది. "ఆడవాళ్ళకి ఎంత ఉంటుందో అంతే కావాలి" అని అడిగితే, ఏ రోజు ఆడవాళ్ళకి అని నేను అడగాల్సి వస్తుంది.

ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అని రెండు పేర్లు కూడా రిపోర్ట్‌లో ఉండొచ్చు. మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి వాటిని పంపి వృషణాలనో అండాశయాలనో పనిచేయిస్తుంది. ఇంటి పైన ట్యాంకులో నీళ్ళు నిండగానే తేలే బంతి లేచి కుళాయి మూసేస్తుంది చూడండి, ఇదీ అంతే. రక్తంలో సెక్స్ హార్మోన్ చాలినంత ఉందని తెలియగానే పిట్యూటరీ ఎల్‌హెచ్ పంపడం తగ్గిస్తుంది. ఆ హార్మోన్ ఒళ్ళు తయారుచేసిందా, బయటి నుంచి వచ్చిందా అన్నది దానికి పట్టదు. ఎల్‌హెచ్ ఒకటి లోపుకి పడిందంటే సొంత ఉత్పత్తికి సంకేతం ఆగిందని అర్థం. ఈస్ట్రడయాల్ బాగుండి, టెస్టోస్టిరాన్ మాత్రం దిగకుండా మొండికేస్తే ఎల్‌హెచ్ చూడడం వల్ల విషయం తేలుతుంది. ఎల్‌హెచ్ ఇంకా ఎక్కువగానే ఉంటే డోసులు తప్పుతున్నాయేమో, రక్తం తీసిన సమయంలో తప్ప మిగతా రోజుల్లో స్థాయి చాలడం లేదేమో చూసుకోవాలి.

బ్లాకర్ వాడుతుంటే

ట్రాన్స్ మహిళల్లో ఎక్కువమంది అయోమయపడేది ఇక్కడే. టెస్టోస్టిరాన్‌ని అడ్డుకునే మందులన్నీ ఒకేలా పనిచేయవు, అందుకే రిపోర్ట్‌ని కూడా ఒకేలా చదవకూడదు.

స్పైరనోలాక్టోన్ ముఖ్యంగా టెస్టోస్టిరాన్ వెళ్ళి అతుక్కునే చోటుని ఆక్రమిస్తుంది. రక్తంలో టెస్టోస్టిరాన్‌ని ఒకరిలో బాగా తగ్గిస్తుంది, ఇంకొకరిలో అంతగా తగ్గించదు. బైకాల్యుటమైడ్ సంగతి ఇంకా విచిత్రం. అది అతుక్కునే చోటునే మూసేస్తుంది కాబట్టి రక్తంలో అంకె తగ్గకపోవచ్చు, ఒంటరిగా వాడితే పెరగొచ్చు కూడా. దాని మీద ఉన్నవాళ్ళు టెస్టోస్టిరాన్ 400 చూసి ఏడవాల్సిన పని లేదు, ఆ పరీక్ష ఆ మందుని కొలవదు. బైకాల్యుటమైడ్‌కి చూడాల్సింది కాలేయం పరీక్షలు. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, కారణం లేని వాంతులు మొదలైనా మాత్ర ఆపి వెంటనే డాక్టర్‌ని కలవాలి. స్పైరనోలాక్టోన్‌కి చూడాల్సింది పొటాషియం, మొదటి ఏడాది మూడు నెలలకోసారి. బీపీ మందుల్లో కొన్ని కూడా పొటాషియం పెంచుతాయి, కిడ్నీ ఇబ్బంది ఉన్నా పెరుగుతుంది, కాబట్టి వాడే మందులన్నీ డాక్టర్‌కి చెప్పాలి.

సైప్రోటిరోన్ పద్ధతి వేరు. అది పిట్యూటరీ సంకేతాన్నే అణిచేస్తుంది, అందుకే అంకె నిజంగానే దిగుతుంది, చాలామందిలో చాలా తక్కువ డోసుకే. దీనితో ప్రొలాక్టిన్ అనే ఇంకో హార్మోన్ కొంచెం పెరగడం మామూలే. ఎక్కువ డోసు, ఎక్కువ కాలం వాడితే మెదడు పొరలో మెనింజియోమా అనే గడ్డ వచ్చే ముప్పు పెరుగుతుందని ఐరోపా మందుల నియంత్రణ సంస్థ 2020లో దాని వాడకానికి హద్దులు పెట్టింది. అంకె 50 లోపుకి వచ్చాక కూడా పాత డోసే నడుస్తుంటే, తగ్గించొచ్చా అని డాక్టర్‌ని మీరే అడగండి.

ల్యూప్రోలైడ్, ట్రిప్టోరెలిన్ లాంటి ఇంజెక్షన్లు వేసిన మొదటి ఒకటి రెండు వారాలు టెస్టోస్టిరాన్ పెరుగుతుంది, తర్వాతే పడిపోతుంది. ఆ రెండు వారాల్లో పరీక్ష చేయించి గాభరా పడకండి.

టెస్టోస్టిరాన్ తీసుకునే తమ్ముళ్ళకి

టెస్టోస్టిరాన్ ఇనాంథేట్, సిపియోనేట్ సూదులైతే రెండు సూదుల మధ్య సగం రోజున తీసిన రక్తంలో 400 నుంచి 700 నానోగ్రాములు ఉండాలని 2017 మార్గదర్శకాలు చెబుతాయి. మూడు నెలలకోసారి వేసే అన్‌డెకనోయేట్ అయితే తర్వాతి సూదికి సరిగ్గా ముందు తీయాలి. ఆ రకానికి మొదటి రెండు మూడు సూదుల దాకా స్థాయి నిలకడకి రాదు, ఓపిక పట్టాలి. జెల్ అయితే కనీసం వారం రోజులు వరసగా రాశాక, ఆ రోజు రాసుకున్న రెండు గంటలు దాటాక. కావాలనే తక్కువ డోసులో ఉండేవాళ్ళకి ఈ అంకెలు వర్తించవు. వాళ్ళ గమ్యం వాళ్ళూ డాక్టరూ కూర్చుని పెట్టుకున్నది.

మీ రిపోర్ట్‌లో హార్మోన్ కన్నా ముందు నేను చూసేది హిమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా. టెస్టోస్టిరాన్ దాన్ని పెంచుతుంది. 54 శాతం దాటితే రక్తం చిక్కబడి గడ్డకట్టే ముప్పు ఉంటుంది, డాక్టర్లు డోసు తగ్గించడమో, సూదుల మధ్య గడువు మార్చడమో, సూది నుంచి జెల్‌కి మార్చడమో చేస్తారు. నీళ్ళు సరిగా తాగకుండా వస్తే అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, సిగరెట్ నిజంగానే పెంచుతుంది.

ఈస్ట్రడయాల్ ఇంకా 40 ఉందని కొందరు దిగులుపడతారు. ఒంట్లో ఆరోమటేజ్ అనే ఎంజైమ్ టెస్టోస్టిరాన్‌లో కొంత భాగాన్ని ఈస్ట్రడయాల్‌గా మారుస్తుంది, ప్రతి మగవాడిలోనూ. ఎముకలకి అది కావాలి కూడా. నెలసరి ఎక్కువమందికి మొదటి ఆరు నెలల్లో ఆగిపోతుంది. ఆగినా గర్భం వచ్చే అవకాశం పోదు, టెస్టోస్టిరాన్ గర్భనిరోధక మందు కాదు, పైగా కడుపులో బిడ్డకి హానికరం. ఆ అవకాశం ఉన్నవాళ్ళు వేరే జాగ్రత్త తీసుకోవాల్సిందే.

మెషీన్‌ని మోసం చేసేవి

బయోటిన్. జుట్టు ఒత్తుగా రావాలని, గోళ్ళు విరగకూడదని మనవాళ్ళు తెగ మింగే విటమిన్ ఇదే. పెద్దవాళ్ళకి రోజుకి 30 మైక్రోగ్రాములు చాలు, ఆ మాత్రల్లో 5 మిల్లీగ్రాములో 10 మిల్లీగ్రాములో ఉంటాయి. చాలా ల్యాబ్ మెషీన్లు హార్మోన్‌ని పట్టుకోవడానికి బయోటిన్ బంధాన్నే వాడతాయి. రక్తంలో అది పొంగిపొర్లుతుంటే ఈస్ట్రడయాల్, టెస్టోస్టిరాన్ లేనంత ఎక్కువగా, ఎల్‌హెచ్, థైరాయిడ్ పరీక్షలో చూసే టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా కనపడతాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. పరీక్షకి మూడు రోజుల ముందు ఆపేయండి. మల్టీవిటమిన్ సీసా వెనక్కి తిప్పి కూడా చూడండి.

గర్భనిరోధక మాత్రలతో సొంతంగా మొదలుపెట్టే ట్రాన్స్ అమ్మాయిలు ఇంకా ఉన్నారు. ఎందుకు అలా చేస్తారో నాకు తెలుసు, తిట్టను. ఆ మాత్రల్లో ఎక్కువగా ఉండేది ఇథినైల్ ఈస్ట్రడయాల్, మామూలు ఈస్ట్రడయాల్ పరీక్ష దాన్ని పట్టుకోదు. రిపోర్ట్‌లో 15 అని వస్తుంది, "మందు ఎక్కడం లేదు" అనుకుని మాత్రలు రెట్టింపు చేస్తారు. లోపల ఈస్ట్రోజెన్ ప్రభావం మాత్రం బోలెడు, రక్తం గడ్డకట్టే ముప్పు కూడా అంతే. ట్రాన్స్ చికిత్సలో ఆ మందు వాడొద్దని మార్గదర్శకాలు చెప్పడానికి కారణం ఇదే. మీరు అవి వాడుతుంటే డాక్టర్‌కి దాచకుండా చెప్పండి, ఆ 15కి అప్పుడే అర్థం తెలుస్తుంది.

టెస్టోస్టిరాన్ బాగా కిందికి దిగాక మామూలు ఇమ్యునోఅస్సే మెషీన్లు (యాంటీబాడీలతో హార్మోన్‌ని పట్టుకుని కొలిచేవి) సరిగా కొలవలేవు. 22కీ 35కీ మధ్య తేడా వాటికి తెలియదు. మాస్ స్పెక్ట్రోమెట్రీ పద్ధతి చాలా కచ్చితమైనది, కానీ ప్రతిసారీ అక్కర్లేదు. అంకెకీ ఒంటికీ పొత్తు కుదరనప్పుడు ఒక్కసారి అడిగితే చాలు. వీలైనంతవరకు ఒకే ల్యాబ్‌కి వెళ్ళండి.

అంకె బాగుంది, ఒంట్లో మార్పు లేదు

రక్తంలో స్థాయి వారాల్లో మారుతుంది. ఒళ్ళు నెలల్లో, ఏళ్ళలో మారుతుంది. ఈస్ట్రోజెన్ మీద రొమ్ము కింద గట్టి మొగ్గలా నొప్పి మూడు నుంచి ఆరు నెలల మధ్య మొదలవడం మామూలు, ఆ పెరుగుదల పూర్తవడానికి రెండు మూడేళ్ళు, అంతకన్నా ఎక్కువ కూడా పడుతుంది. చర్మం మెత్తబడడం, కొవ్వు సర్దుకోవడం కూడా మూడో నెల తర్వాతే మొదలవుతాయి. గొంతు మారదు, దానికి వేరే సాధన కావాలి. టెస్టోస్టిరాన్ మీద గొంతు సాధారణంగా మొదటి ఏడాదిలోనే బరువెక్కుతుంది, గడ్డం నింపాదిగా వస్తుంది, దానికి ఏళ్ళు పడుతుంది.

ఈస్ట్రడయాల్ 150 ఉన్నవాళ్ళకన్నా 400 ఉన్నవాళ్ళకి రొమ్ములు పెద్దగా వస్తాయన్న ఆధారం లేదు. ఒకే అంకె ఉన్న ఇద్దరిలో ఒకరికి తొందరగా, ఒకరికి ఆలస్యంగా మార్పులు రావడం నేను రోజూ చూస్తున్నా. వంశం, వయసు, ఒంటి తీరు, అవన్నీ రిపోర్ట్‌లో రావు. స్నేహితురాలి రిపోర్ట్ పక్కన మీ రిపోర్ట్ పెట్టి చూసుకోవడం మానేయండి. ఆమె మందు వేరు, డోసు వేరు, రక్తం ఇచ్చిన గంట వేరు.

కొన్ని విషయాలు రిపోర్ట్ దాకా ఆగకూడనివి. ఒక కాలు మాత్రమే వాచి పిక్కలో నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి, ఒకవైపు చెయ్యో కాలో పడిపోయినట్టుండడం, చూపు ఒక్కసారిగా మసకబారడం. వీటిలో ఏది వచ్చినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళాలి, హార్మోన్ వాడుతున్నామని వాళ్ళకి చెప్పాలి. కుంగుబాటు, చచ్చిపోవాలన్న ఆలోచనలు వచ్చినా అంతే, "డోసు సర్దుకుంటే పోతుందిలే" అని ఒంటరిగా ఓర్చుకోకండి.

పరీక్షకి ముందు, డాక్టర్ గదిలో

ఫోన్‌లోనో చిన్న నోట్‌బుక్‌లోనో ప్రతి పరీక్షకీ ఒక వరస రాయండి: తేదీ, రక్తం ఇచ్చిన గంట, మందు పేరు, రూపం, డోసు, చివరిసారి తీసుకున్న రోజు, గంట, తర్వాత అంకె, యూనిట్‌తో సహా. నాది ఇలా ఉంటుంది: "ఉదయం 8, వేలరేట్ సూది వేసి ఏడో రోజు, ఇవాళ్టి సూది ఇంకా వేసుకోలేదు, ఈస్ట్రడయాల్ 120 పికోగ్రాములు, టెస్టోస్టిరాన్ 24 నానోగ్రాములు." పక్కన ఒంట్లో కనిపించిన మార్పులు రెండు ముక్కల్లో. నిద్ర, మూడ్, తలనొప్పి కూడా. డోసు ఎగ్గొట్టిన రోజులుంటే అవి కూడా రాయండి. సిగ్గుపడి దాచారంటే, నిజానికి లేని లోటుని పూడ్చడానికి డాక్టర్ డోసు పెంచుతారు.

డోసు మార్చినప్పుడు వెంటనే పరీక్షకి పరుగెత్తకండి. మాత్ర, ప్యాచ్ అయినా రక్తంలో కొత్త స్థాయి నిలబడడానికి వారం పైగా ఆగాలి, వారానికో సూది అయితే నెలో నెలన్నరో. పిట్యూటరీ సర్దుకోవడం ఇంకా నెమ్మది. మధ్యలో తీసిన అంకె దారిలో ఉన్న అంకె, దాన్ని చూసి మళ్ళీ డోసు మారిస్తే ఏది దేనివల్ల వచ్చిందో ఎవరికీ తెలియదు.

డాక్టర్ గదిలో అడగాల్సినవి ఎక్కువేం లేవు. నా గమ్యం ఎంత? ఈ బ్లాకర్‌తో ఏ పరీక్ష చూడాలి, ఏది చూడక్కర్లేదు? పొటాషియం, కాలేయం, హిమటోక్రిట్, వీటిలో నాకు ఏవి? మళ్ళీ రక్తం ఏ వారంలో ఇవ్వాలి, డోసుకి ముందా, తర్వాతా, తర్వాతైతే ఎన్ని గంటలకి? ఆ చివరిది మందుల చీటీ మీదే రాయించుకోండి, ల్యాబ్‌కి వచ్చినప్పుడు రక్తం తీసేవాళ్ళకి చూపించండి. మా కంప్యూటర్‌లో దానికి గడి లేకపోయినా రిమార్కుల్లో రాసే వీలుంటుంది, అడిగితే రాస్తాం.